అపార్టుమెంట్లలో ఉమ్మడి కంపోస్టింగ్

ఒకే ప్రాంగణంలో ఉండే కుటుంబాలు తమ వంటింటి తడి చెత్తను మున్సిపాలిటీ బండికి ఎక్కించకుండా, అక్కడే ఒకచోట పోగుచేసి ఎరువుగా మార్చుకునే ఏర్పాటు ఉమ్మడి కంపోస్టింగ్. కూరగాయల తొక్కలు, ఆకుకూరల కాడలు, మిగిలిపోయిన అన్నం, టీపొడి పిప్పి, దేవుడి గూట్లోంచి తీసిన వాడిన పూలు, ఆవరణలో రాలిన ఆకులు దీనికి ముడిసరుకు. గాలి ఆడేలా ఉంచితే సూక్ష్మజీవులు వీటిని నెల నుంచి మూడు నెలల్లో నల్లటి, పొడిపొడిగా రాలే ఎరువుగా మారుస్తాయి. భారతీయ నగరాల చెత్తలో సగం, చాలాచోట్ల అంతకు మించి, ఇలా కుళ్లే సరుకే. అందువల్ల దాన్ని పుట్టినచోటే ఆపగలిగితే ఊరి బయటి డంపింగ్ యార్డుకు వెళ్లే భారం సగానికి సగం తగ్గుతుంది.

ఎరువు చేయడం తెలుగువాళ్లకు కొత్త విద్య కాదు. ఒకరి మొహం ఒకరు సరిగా ఎరగని వంద, రెండు వందల కుటుంబాలు కలిసి చేయాల్సి రావడమే కొత్త. మూలపడిన కంపోస్టు ప్లాంట్ల సంగతి విచారిస్తే, యంత్రం కంటే ముందు మనుషుల ఏర్పాటే చెడిపోయిందని తరచు తేలుతుంది. తలుపు దగ్గర చెత్త కలిసిపోవడం, ఎండుటాకుల నిల్వ అయిపోవడం, పనిచేసే మనిషి మానేయడం, ఉత్సాహంగా మొదలుపెట్టిన అసోసియేషన్ కార్యదర్శి పదవీకాలం ముగియడం. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి జరిగినా వారం తిరక్కుండా సెల్లారులో వాసన మొదలవుతుంది.

పూర్వరంగం

పల్లెల్లో ప్రతి ఇంటి వెనకా పెంటకుప్ప ఉండేది. పశువుల పేడ, కొట్టం ఊడ్చిన చెత్త, పొయ్యిలో బూడిద, పశువులు తినగా మిగిలిన గడ్డి అన్నీ అందులోకే. వేసవిలో బండ్లకెత్తి పొలానికి తోలుకునేవారు. కుప్పను తిరగేసేవారు కాదు, కొలతలూ ఉండేవి కావు. ఏడాది ఆగే ఓపిక ఉన్నప్పుడు వాటితో పని కూడా లేదు.

ఈ పనికి శాస్త్రీయమైన లెక్క కట్టింది ఇందౌర్‌లో. ఆల్బర్ట్ హోవర్డ్ అనే ఇంగ్లీషు వృక్షశాస్త్రవేత్త 1924 నుంచి 1931 వరకు అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్లాంట్ ఇండస్ట్రీలో, యశ్వంత్ వాడ్ అనే సహచరుడితో కలిసి, పంట వ్యర్థాలూ పేడా పొరలుగా పేర్చి, తడుపుతూ, మధ్యమధ్య తిరగేస్తూ సుమారు మూడు నెలల్లో ఎరువు తీసే పద్ధతిని రూపొందించారు. 1931లో వారి పుస్తకం వెలువడింది. ఇందౌర్ పద్ధతిగా ప్రపంచమంతా పాకిన ఈ విధానంలో ఎంతభాగం భారతీయ, చైనా రైతుల నుంచి నేర్చుకున్నదో హోవర్డ్ దాచలేదు. 1939లో సి.ఎన్. ఆచార్య బెంగళూరులో ఇంకో దారి చూపారు. ఊరి చెత్తనూ మలాన్నీ కందకాల్లో పొరలుగా పోసి, మట్టితో మూసి, కదపకుండా నెలల తరబడి వదిలేయడం. కూలీ ఖర్చు తక్కువ కాబట్టి మున్సిపాలిటీలకు నచ్చింది. మహారాష్ట్రలోని పుసద్‌కు చెందిన నారాయణ్ దేవతావ్ పాంఢరీపాండే గోడల్లో కన్నాలు వదిలిన ఇటుక తొట్టిని ప్రచారంలోకి తెచ్చారు. ఆయన పేరులోని అక్షరాలతోనే అది నాడెప్ తొట్టి అయింది. 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు దాని మామూలు కొలత. ఈనాడు అపార్టుమెంట్ల వెనక ప్రహరీని ఆనుకొని కనిపించే కన్నాల గోడల తొట్లు దాని వారసులే.

నగరంలో ఈ పని ఇంటి గడప దాకా రావడానికి మాత్రం 2006లో బెంగళూరులో పూనమ్ బీర్ కస్తూరి మొదలుపెట్టిన డైలీ డంప్ సంస్థను చెప్పుకోవాలి. ఒకదానిమీద ఒకటి పేర్చిన మూడు మట్టికుండలు వారి సరుకు. వాటిని ‘ఖంబా’ అంటారు. పై కుండ నిండగానే అది మధ్యలోకి, మధ్యది కిందికి దిగుతుంది. బాల్కనీలో పెట్టుకునే వస్తువు అందంగా ఉండాలన్న పట్టింపు ఈ రంగంలోకి అలా వచ్చింది. పనికిమాలిన పట్టింపుగా తోచవచ్చు గానీ, చెత్త పెట్టెను అతిథుల కంట పడకుండా దాచుకునే ఇళ్లలో అది చేసిన మేలు తక్కువేమీ కాదు.

చట్టం ఏమంటోంది

చెత్త మీద దేశంలో చట్టపరమైన కదలిక అల్మిత్రా పటేల్ 1996లో సుప్రీంకోర్టులో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంతో మొదలైంది. కోర్టు వేసిన కమిటీ 1999లో నివేదిక ఇచ్చింది, 2000లో మున్సిపల్ ఘనవ్యర్థాల నిబంధనలు వచ్చాయి. వాటిలో బరువంతా మున్సిపాలిటీల మీదే ఉండేది. 2016 ఏప్రిల్‌లో వచ్చిన ఘనవ్యర్థాల నిర్వహణ నిబంధనలు ఆ బరువులో కొంత చెత్త పుట్టించేవారి మీదికి జరిపాయి. 5,000 చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీలు, నివాసుల సంఘాలు ఏడాదిలోగా చెత్తను ఇంటి దగ్గరే వేరుచేయించాలి. తడి చెత్తను వీలైనంతవరకు ఆవరణలోనే కంపోస్టుగానో బయోగ్యాస్‌గానో మార్చాలి. మిగిలినదే బండికివ్వాలి అని అవి ఆదేశించాయి. ఆ 2016 నిబంధనల స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నిబంధనలు చెత్తను నాలుగు రకాలుగా వేరుచేయమంటున్నాయి. అవి తడి, పొడి, శానిటరీ చెత్త, మందులూ బల్బుల వంటి ప్రత్యేక జాగ్రత్త కావలసినవి. 20,000 చదరపు మీటర్ల అంతస్తు విస్తీర్ణమో, రోజుకు 40,000 లీటర్ల నీటి వాడకమో, 100 కిలోల చెత్తో ఉన్న సముదాయాలు బల్క్ జనరేటర్ల, అంటే ఎక్కువ మొత్తంలో చెత్త పుట్టించేవారి, లెక్కలోకి వస్తాయి.

దీనికి ముందునుంచే ఇంకో నిబంధన చాపకింద నీరులా పనిచేస్తోంది. 20,000 చదరపు మీటర్లకు మించి కట్టే ప్రాజెక్టులకు పర్యావరణ అనుమతి కావాలి. ఆ అనుమతి షరతుల్లో మనిషికి రోజుకు 0.3 కిలోల చొప్పున తడి చెత్తను ఎరువుగా మార్చే సదుపాయం ఆవరణలో ఉండాలని రాస్తారు. బిల్డర్ ఆ కాగితం కోసం ఒక యంత్రం కొని సెల్లారులో ఒక మూల దించి వెళ్లిపోతాడు. తాళంచెవులు అసోసియేషన్ చేతికి వచ్చేసరికి దాన్ని నడిపే పద్ధతి తెలిసినవాడు ఉండడు, వారంటీ కాలం అయిపోయి ఉంటుంది. కొత్త అపార్టుమెంట్లలో కంపోస్టింగ్ ప్రయత్నాలు చాలావరకు ఈ తుప్పుపట్టిన యంత్రం చుట్టూ జరిగే జనరల్ బాడీ తగాదాతోనే మొదలవుతాయి.

కుప్పలో జరిగేది

తాజా చెత్త కుప్పలో మొదట పని అందుకునేవి మామూలు వేడిలో బతికే బ్యాక్టీరియా. చక్కెరలు, పిండిపదార్థాలు తింటూ అవి పుట్టించే వేడికే కుప్ప రెండు మూడు రోజుల్లో 45 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఆ వేడికి అవి తట్టుకోలేక తగ్గిపోయి, వేడిని కోరే జాతులు రంగంలోకి వస్తాయి. కుప్ప నడిమధ్య 55 నుంచి 65 డిగ్రీలు చేరితే సరిగ్గా నడుస్తున్నట్టు. పొద్దున్నే తిరగేసేటప్పుడు లేచే ఆవిరి దీని గుర్తు. చేయి పెడితే మంటగా తగులుతుంది. మూసిన తొట్టిలో 55 డిగ్రీలకు తగ్గకుండా మూడు రోజులు నిలిస్తే రోగకారక క్రిములు చస్తాయని అమెరికా పర్యావరణ సంస్థ పెట్టుకున్న కొలమానం, కలుపు గింజలూ చాలావరకు చస్తాయి. 70 దాటితే మేలుచేసేవీ చస్తాయి. ఆ తర్వాత వేడి దిగుతుంది. అప్పుడు బూజులూ, ఆక్టినోమైసీట్లూ పీచునూ కాడలనూ నెమ్మదిగా అరగదీస్తాయి. తొలకరి చినుకు పడ్డప్పుడు నేల నుంచి వచ్చే వాసనకు కారణమైన జియోస్మిన్‌ను తయారుచేసేవి ఈ ఆక్టినోమైసీట్లే. మాగిన ఎరువుకు ఆ వాసన అందుకే.

ఈ వేడి నిలవాలంటే కుప్ప కనీసం ఒక ఘనమీటరు ఉండాలి. అంతకంటే చిన్నదైతే పుట్టిన వేడి పుట్టినట్టే బయటికి పోతుంది. బాల్కనీ కుండలో చెత్త చల్లగా, నెమ్మదిగా కుళ్లి ఎరువవుతుంది తప్ప ఈ దశ సరిగా రాదు. వంద ఇళ్లు కలిసి చేయడంలో ఉన్న అసలు లాభం ఇదే.

సూక్ష్మజీవులకు కర్బనం, నత్రజని 25 నుంచి 30కి ఒకటి నిష్పత్తిలో దొరకాలి. వంటింటి చెత్తలో ఇది సుమారు 15 నుంచి 20. అంటే నత్రజని ఎక్కువ, కర్బనం తక్కువ. ఎండుటాకుల్లో 40 నుంచి 80, రంపపు పొట్టులో 200 పైమాటే. అందుకే ప్రతి బకెట్టు తడి చెత్తకూ అర బకెట్టు నుంచి బకెట్టు దాకా ఎండు సరుకు కలపాలి. కర్బనం సంగతి అటుంచినా ఎండు సరుకు తడిని పీల్చుకుంటుంది, సందులు ఏర్పరచి గాలి ఆడనిస్తుంది. మన వంటింటి చెత్తలో మూడొంతులకు పైగా నీరే. కుప్పలో ఉండాల్సిన తేమ 50 నుంచి 60 శాతం. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధారగా కారకూడదు. ఏ మీటరూ లేకుండా చూసుకోగల కొలత ఇది.

ఎండు సరుకు ఎక్కడినుంచి అన్నది చిన్న ప్రశ్నగా కనబడి పెద్ద ఇబ్బంది పెడుతుంది. మాఘ ఫాల్గుణాల్లో వేప, బాదం, కానుగ చెట్లు కుప్పలుగా ఆకు రాలుస్తాయి. అప్పుడు వాటిని తగలబెట్టేసి, జూలైలో వానలకు కుప్ప బురదైనప్పుడు ఆకుల కోసం వెతుక్కోవడం అపార్టుమెంట్లలో పరిపాటి. వలతో చేసిన పంజరాల్లో ఆకు దాచుకున్నవారికి వానాకాలం గండం గడుస్తుంది. చెట్లు లేని ఆవరణల్లో టింబర్ డిపో నుంచి రంపపు పొట్టు, లేదా కోనసీమలో పీచు తీసేచోట గుట్టలుగా మిగిలే కొబ్బరి పొట్టు తెప్పించుకోవాలి. కొబ్బరి పొట్టు ఇటుకల్లా అచ్చువేసి అమ్ముతారు. 5 కిలోల ఇటుక నీళ్లలో వేస్తే ఉబ్బి 60, 70 లీటర్లవుతుంది. ఆ నానినదాన్ని అలాగే కుప్పలో వేస్తే అది ఇంకేమీ పీల్చదు. ఆరబెట్టి వాడాలి. ప్లైవుడ్, రంగులు వేసిన చెక్కల నుంచి వచ్చిన పొట్టు పనికిరాదు.

తొట్లు, పురుగులు, యంత్రాలు

వంద ఫ్లాట్లలో రోజుకు సుమారు 60, 70 కిలోల తడి చెత్త వస్తుందని లెక్క వేసుకోవచ్చు. ఆవకాయ రోజుల్లో టెంకలూ తొక్కులూ, వినాయక చవితి మర్నాడు పత్రి, దసరా వేళ బంతిపూలు, కమ్యూనిటీ హాల్లో పెళ్లి జరిగితే అరిటాకులు ఈ లెక్కను ఒక్కరోజులో రెట్టింపు చేస్తాయి. ఏర్పాటును సగటుకు కాకుండా పండగకు సరిపడా కట్టుకోవాలన్నది ఆచరణలో తేలిన సంగతి. ఘనమీటరు తొట్లు 6, 7 ఉంటే వంద ఇళ్లకు సరిపోతుంది. ఒకటి నిండుతుంటే మరికొన్ని మాగుతుంటాయి, ఒకటి ఖాళీ అవుతుంటుంది. కారు పార్కింగులో నాలుగు కార్ల చోటు దీనికి పోతుంది. అసోసియేషన్ సమావేశాల్లో వచ్చే మొదటి అభ్యంతరం కూడా అదే.

అన్నిటికంటే చవకైనదీ, పాడవడానికి ఏమీ లేనిదీ గాలి కన్నాలున్న ఇటుక లేదా వల తొట్టి. కేరళ పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన తుంబూర్‌మూళి కేంద్రంలో రూపొందిన నమూనా వీటిలో పేరున్నది. నాలుగడుగుల ఘనాకార తొట్టిలో పేడ, ఎండుటాకులు, చెత్త పొరలుగా వేసి, తిరగేయకుండా సుమారు 90 రోజులు వదిలేస్తారు. పేడలోని సూక్ష్మజీవులు చేసే పనికి లోపలి వేడి 70 డిగ్రీల దగ్గరికి పోతుంది. పేడ దొరకనిచోట పులిసిన మజ్జిగ, బెల్లం నీళ్లు, లేదా పాత ఎరువే తోడుగా వాడతారు. సీసాల్లో అమ్మే ‘కల్చర్’ మొదటి తడవ పనికొస్తుంది. కుప్ప ఒకసారి నడక పట్టాక తన తోడు తానే చూసుకుంటుంది కాబట్టి దాన్ని నెలనెలా కొనడం దండగ.

వర్మీకంపోస్టు మంచి ఎరువే. కానీ అపార్టుమెంటుకు అది సున్నితమైన వ్యవహారం. ఐసీనియా ఫెటిడా, యూడ్రిలస్ జాతుల వానపాములు 15 నుంచి 30 డిగ్రీల మధ్య సుఖంగా ఉంటాయి. హైదరాబాద్, విజయవాడ ఎండల్లో నీడా గోనెపట్టాల తడీ లేకపోతే చస్తాయి. పైగా ఉప్పూకారం ఉన్న మిగులు కూర, చింతపండు పిప్పి, నిమ్మ తొక్కలు వాటికి గిట్టవు. తెలుగు వంటింట్లో ఇవి లేని రోజేది? ముందు తొట్టిలో సగం మాగనిచ్చి తర్వాత వానపాములకు పెట్టేవాళ్లు నెగ్గుకొస్తున్నారు.

యంత్రాల్లో రెండు రకాలు ఉన్నాయి. మొదటిది ఆర్గానిక్ వేస్ట్ కన్వర్టర్. చెత్తను తరిగి రంపపు పొట్టుతోనూ కల్చర్‌తోనూ పావుగంటలో కలిపి ఇస్తుంది. ఆ మిశ్రమం ట్రేలలో పది, పదిహేను రోజులు మాగాలి. పని కుప్పలోలాగే జరుగుతుంది, తరగడం కలపడం మాత్రమే మోటారు చేస్తుంది. రెండో రకం ‘24 గంటల్లో ఎరువు’ అని అమ్మేది. ఇది హీటర్లతో చెత్తను ఎండబెట్టి పొడి చేస్తుంది. ఒక్క రోజులో పీచు అరగదు, ఎంత ఖరీదైన యంత్రానికైనా సూక్ష్మజీవులు తమ వేగం మార్చుకోవు. బయటికి వచ్చింది ఎండిన చెత్త. కుండీలో వేసి నీళ్లు పోయగానే మళ్లీ కుళ్లడం మొదలై వాసన వేస్తుంది, మొక్క వేళ్లు మాడతాయి. కరెంటు బిల్లు సరేసరి. దాన్ని తొట్టిలో మరికొన్ని వారాలు మాగనిస్తే ఎరువవుతుంది గానీ, అలాంటప్పుడు లక్షలు పోసి యంత్రం కొన్నదెందుకన్న ప్రశ్న మిగులుతుంది.

చెత్తను గ్యాసుగా మార్చే దారి వేరు. హైదరాబాద్ బోయినపల్లి కూరగాయల మార్కెట్లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ పరిజ్ఞానంతో పెట్టిన ప్లాంటు రోజుకు సుమారు 10 టన్నుల వ్యర్థాల నుంచి 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల ఇంధన వాయువు ఇస్తోందని 2021 జనవరిలో ప్రధాని రేడియో ప్రసంగంలో ప్రస్తావించారు. మార్కెట్టుకు అది కుదిరింది. వంద ఇళ్లకు రోజూ ఒకేలాంటి మేత, కనిపెట్టుకుని ఉండే మనిషి కావలసిన గ్యాసు ట్యాంకు కంటే తొట్టే సులువు.

తలుపు దగ్గర

ఎరువు నాణ్యత నిర్ణయమయ్యేది తొట్టి దగ్గర కాదు, ఫ్లాటు తలుపు దగ్గర. తడి చెత్తను నల్ల కవరులో పెట్టి ముడేసి బయట పెట్టడం మన ఇళ్లలో స్థిరపడ్డ అలవాటు. కంపోస్టు మొదలైన రోజు నుంచి ఆ ముడి ఎవరో ఒకరు విప్పాలి. లోపల చాయ్ పిప్పితోపాటు పాల ప్యాకెట్ మూల, షాంపూ సాచెట్, యాపిల్ మీద అంటించిన స్టిక్కరు, విరిగిన గాజు, ఒక్కోసారి డైపరు ఉంటాయి. ప్లాస్టిక్ ముక్క ఒకటి తొట్టిలో పడితే జల్లెడ పట్టేదాకా వస్తుంది. గాజు పెంకు అయితే అందరికంటే ముందు పనిమనిషి చేతిలో దిగుతుంది. ‘కంపోస్టబుల్’ అని రాసిన కవర్లు కూడా పెద్ద ప్లాంట్ల నియంత్రిత వేడికి తగ్గట్టు చేసినవి, అపార్టుమెంటు తొట్టిలో నెలల తరబడి చెక్కుచెదరకుండా ఉండగలవు. కవరు లేకుండా డబ్బాలో నేరుగా వేసి, డబ్బా అడుగున పాత పేపరు పరిచి, రోజూ కడుక్కోవడమే నడిచే పద్ధతి.

2015లో హైదరాబాద్ మహానగర పాలక సంస్థ ఇంటింటికీ తడికి ఆకుపచ్చ, పొడికి నీలం డబ్బాలు పంచింది. కొన్ని ఇళ్లలో అవి బియ్యం పోసుకోవడానికీ బట్టలు నానబెట్టడానికీ పనికొచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో మొదలైన కార్యక్రమం ఎరుపును చేర్చి మూడు డబ్బాలు చేసింది. డబ్బాలు పంచడం సులువు. డబ్బా మూత తీసి చూసే మనిషి లేకపోతే రంగులకు అర్థం లేదు. నిలదొక్కుకున్న అపార్టుమెంట్లలో మొదటి రెండు మూడు వారాలు పొద్దున్నే ఒకరిద్దరు నివాసులు ట్రాలీ వెంట తలుపు తలుపుకీ తిరుగుతారు. కలిపిన చెత్తను తీసుకోకుండా అక్కడే వదిలేస్తారు. ‘‘ఆంటీ, ఇందులో కవరుంది, మళ్లీ వేరుచేసి పెట్టండి’’ అని పక్కింటి కుర్రాడు చెబితే తలుపు వెనక ఉన్నవారికి కలిగే మొహమాటం ముందు ఏ జరిమానా సరిపోదు. ఆ మాట వాచ్‌మన్ చేత చెప్పిస్తే మాత్రం పని జరగదు. అద్దెకున్నవాళ్లు ఏడాదికోసారి మారుతుంటారు కాబట్టి ఈ కసరత్తు ఆగేదీ కాదు. ఇంట్లో చెత్త సర్దేది పనమ్మాయి అయితే చెప్పాల్సింది ముందు ఆమెకే. యజమానులకు వాట్సాప్‌లో పెట్టిన పోస్టరు ఆమెదాకా రాదు.

ఏమి వేయకూడదన్నదాని మీద ఇంటింటా వాదం జరుగుతుంది. మాంసం, చేపల మిగులు, ఎముకలు వేడి కుప్ప నడిమధ్య పూడ్చితే అరుగుతాయి. పైపైన వేస్తే ఎలుకలూ పందికొక్కులూ వస్తాయి. శాకాహారులు ఎక్కువగా ఉన్న అపార్టుమెంట్లలో దీన్ని శుభ్రత పేరుతో నిషేధించడం ఉంది. అసలు కారణం శుభ్రత కాదని అందరికీ తెలుసు. నూనె, ఎక్కువ ఉప్పు పచ్చళ్లు, సాంబారు లాంటి ద్రవాలు వద్దు. వడకట్టి గట్టిది వేయొచ్చు. కొబ్బరి చిప్పలు, మామిడి టెంకలు, మొక్కజొన్న కండెలు అరగవు. వాటిని వేరే పెట్టాలి, లేదా తరగాలి.

పనిచేసే చేతులు

రోజూ ట్రాలీ లాగడం, కవర్లు ఏరడం, ఆకు కలపడం, తొట్లు తిరగేయడం వంద ఇళ్లకు ఒక మనిషికి మూడు నాలుగు గంటల పని. దీన్ని ఉన్న హౌస్‌కీపింగ్ మనిషి నెత్తిన అదనంగా రుద్దితే ఆ కంపోస్టు ఎక్కువకాలం నిలవదు. నగరాల్లో పారిశుద్ధ్య పని ఎక్కువగా దళితుల మీద, అందులోనూ ఆడవాళ్ల మీద పడుతోంది. పర్యావరణం పేరుతో మొదలైన మంచి పని కూడా వాళ్ల చేతులతో ఇంకొంచెం మురికి ఏరించడంగా తేలిపోకూడదంటే, ఈ పనికి విడిగా జీతం, మోచేతి దాకా గ్లోవ్స్, మాస్కు, కాళ్లకు గమ్‌బూట్లు, పక్కనే కుళాయీ సబ్బూ, ఏటా ధనుర్వాతం ఇంజక్షన్ల లెక్క చూసుకోవడం ఖర్చులో భాగంగా రాసుకోవాలి. పుణేలో 1993లో చెత్త ఏరుకునేవారు సంఘంగా ఏర్పడి, 2008లో స్వచ్ఛ్ సహకార సంస్థగా ఇంటింటి సేకరణను చేపట్టారు. అక్కడి కొన్ని సొసైటీల్లో కంపోస్టు తొట్ల నిర్వహణ కూడా వారిదే. మెళకువ తెలిసిన పనిగా దానికి విడిగా డబ్బు తీసుకుంటారు.

వాసన, ఈగలు, తెల్ల పురుగులు

కంపోస్టును ఆపేయమని వచ్చే ఫిర్యాదుల్లో తొంభై పాళ్లు వాసన గురించే. వాసనను బట్టి జబ్బు చెప్పొచ్చు. కుళ్లిన గుడ్డు వాసన గాలి అందడం లేదని చెబుతుంది. తిరగేసి, ఆకు కలిపితే రెండు రోజుల్లో పోతుంది. ముక్కు పుటాలు అదిరే అమోనియా వాసన నత్రజని ఎక్కువైనప్పటిది, దానికీ ఎండు సరుకే మందు. పుల్లటి వాసన అన్నమూ పండ్లూ ముద్దగా పడినచోట వస్తుంది. చీమలు పట్టాయంటే కుప్ప ఎండిపోయిందన్నమాట, నీళ్లు చల్లాలి.

వేలి గోరంత లావు తెల్లటి, బూడిదరంగు పురుగులు గుట్టలుగా కదలడం చూసి చాలామంది హడలిపోతారు. అవి ఎక్కువగా బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లలు. ఈ ఈగకు పెద్దయ్యాక తినే నోరే సరిగా ఉండదు, ఇళ్లలోకి రాదు, రోగాలు మోయదు. దాని పిల్లలు చెత్తను మనకంటే వేగంగా ఖాళీ చేస్తాయి. వాటిని ప్రత్యేకంగా పెంచి కోళ్లకూ చేపలకూ మేతగా వాడే పరిశ్రమే నడుస్తోంది. అయినా మూడో అంతస్తు బామ్మగారికి ఈ సంగతంతా చెప్పి ఒప్పించడం కంటే పైన ఒక పొర ఆకు కప్పడం సులువు. తొట్టి కింద కారే ఊటను ‘కంపోస్టు టీ’ అని మొక్కలకు పోసేవాళ్లున్నారు. అది పచ్చి ద్రవం, అందులో ఏ క్రిములున్నాయో తెలియదు. ఆకుకూరల మడికి అసలే వద్దు, తిరిగి ఎండు కుప్ప మీదే చల్లేయాలి. వానాకాలంలో రేకుల కప్పు తప్పనిసరి.

నగరాల అనుభవం

ఇళ్ల దగ్గర చెత్త అరగదీయాలన్న ఆలోచన బలపడిందల్లా డంపింగ్ యార్డు పక్క పల్లెలు తిరగబడ్డచోటే. తిరువనంతపురం చెత్త మోసే విలప్పిల్‌శాల ప్లాంటును 2011 డిసెంబరులో మూయించారు. అలప్పుళ లారీలను సర్వోదయపురం జనం అడ్డుకున్నారు. గతిలేక ఆ పట్టణం వీధుల్లోనే గాలి తొట్లు, ఇళ్లలో చిన్న బయోగ్యాస్ ట్యాంకులు పెట్టుకుంది. 2017లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం మెచ్చుకున్న ఐదు నగరాల్లో చేరింది. బెంగళూరులో 2012లో మావళ్లిపుర యార్డు మూతపడి వీధుల్లో చెత్త పేరుకుపోయింది. ఆ తర్వాతే పెద్ద అపార్టుమెంట్లు తమ తడి చెత్త తామే చూసుకోవాలని కార్పొరేషన్ పట్టుబట్టింది. 2015 డిసెంబరులో హైకోర్టు రెండు డబ్బాలు, ఒక సంచి పద్ధతిని తప్పనిసరి చేసింది. ఆ నగర శివారు అపార్టుమెంట్లలో తెలుగు కుటుంబాలు బోలెడు. హైదరాబాద్‌కు తిరిగి వచ్చిన కొందరు ఇక్కడి అసోసియేషన్లలో ఈ చర్చ లేవనెత్తడానికి అదొక కారణం. పుణే కంపోస్టు చేసుకునే ఇళ్లకు ఆస్తి పన్నులో రాయితీ ఇస్తోంది.

తెలుగు నేల మీద 2003 ప్రాంతంలోనే సూర్యాపేట మున్సిపాలిటీ వీధి చెత్తకుండీలు ఎత్తేసి, ఇంటింటి సేకరణతో, వర్మీకంపోస్టుతో దేశం దృష్టిలో పడింది. హైదరాబాద్ చెత్తంతా చేరే జవహర్‌నగర్‌లో మాత్రం ఊట దిగి భూగర్భ జలాలూ మల్కారం చెరువూ పాడయ్యాయి. గాలి అందని ఆ గుట్టల్లో తడి చెత్త మీథేన్‌గా మారుతుంది. వందేళ్ల లెక్కన చూస్తే భూమిని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువు కంటే 28 రెట్లు బలమైనది. ఇంటి దగ్గర గాలి ఆడే తొట్టిలో అదే చెత్త నుంచి మీథేన్ నామమాత్రమే.

విదేశాల్లో ఈ పని వేర్వేరు దారులు పట్టింది. దక్షిణ కొరియా 2005లో ఆహార వ్యర్థాలను నేరుగా భూమిలో పూడ్చడం నిషేధించి, 2013 నుంచి బరువుకు తగ్గ రుసుము పెట్టింది. సియోల్ అపార్టుమెంట్ల కింద కార్డు చూపిస్తే తెరుచుకుని, తూచి, బిల్లు వేసే డబ్బాలున్నాయి. ఎరువు, పశుగ్రాసం, గ్యాసు తయారయ్యేది మాత్రం బయటి ప్లాంట్లలో. ఫ్రాన్సు 2024 జనవరి 1 నుంచి తడి చెత్తను వేరుచేసే వీలు ప్రతి ఇంటికీ కల్పించాలని చట్టం చేసింది. అక్కడి నగరాల్లో భవనం పెరట్లో చెక్క పెట్టెలు పెట్టి వారానికోసారి ఇరుగుపొరుగు కలిసి తిరగేసే పద్ధతి అంతకు చాలా ముందునుంచీ ఉంది. ఇండోనేషియాలోని సురబయలో జపానుకు చెందిన కోజి తకకుర రూపొందించిన బుట్ట పద్ధతి వేల ఇళ్లకు చేరింది. దానికి కావలసిన తోడు అక్కడి పులియబెట్టిన తినుబండారాల నుంచే తీశారు.

ఎరువు, దాని వాడకం

వంద ఇళ్ల నుంచి నెలకు 300 నుంచి 400 కిలోల ఎరువు దిగుతుంది. ఆవరణలోని క్రోటన్లకూ లాన్‌కూ ఏడాది పొడవునా అంత అక్కర్లేదు. రెండో ఏడాదికల్లా సంచులు పేరుకుపోతాయి. మిద్దెతోటలు పెంచేవాళ్లు ఉన్న అపార్టుమెంట్లలో ఈ బెడద లేదు. టెర్రస్ మీద వంగ, బెండ, తోటకూర మడులు ఎంత వేసినా తాగేస్తాయి. లేనిచోట దగ్గరి నర్సరీతోనో, శివారు రైతుతోనో ముందే మాట్లాడుకోవాలి. 2016లో కేంద్రం సిటీ కంపోస్టుకు టన్నుకు 1,500 రూపాయల సాయం ప్రకటించింది. అది ఎరువుల కంపెనీల ద్వారా అమ్ముడుపోయే సరుకుకే గాని అపార్టుమెంటు సంచికి అందేది కాదు. అమ్మాలంటే 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వులోని కొలతలు తూగాలి. అందులో సిటీ కంపోస్టుకు కర్బన-నత్రజని నిష్పత్తి 20కి లోపు, నత్రజని కనీసం 0.8 శాతం, తేమ 15 నుంచి 25 శాతం అని ఉంది. తమ వాడకానికి ల్యాబు పరీక్ష అక్కర్లేదు. తడిపిన ఎరువును గాలి చొరని సంచిలో మూడు రోజులు మూసి ఉంచి తెరిస్తే మట్టి వాసన రావాలి. గుప్పెడు ఎరువు కలిపిన మట్టిలో మెంతులు చల్లితే మామూలు మట్టిలో మొలిచినన్నీ మొలవాలి.

కుండీకైతే మట్టిలో మూడోవంతు ఎరువు చాలు. మాగనిది వేస్తే దాన్ని అరగదీయడానికి సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని లాగేసుకుంటాయి, మొక్క ఆకులు పసుపుపచ్చగా తిరుగుతాయి. అలాంటి సరుకును తిరిగి తొట్టిలో పోసి, తడి చూసి, ఇంకో రెండు మూడు వారాలు ఉంచుతారు.